గృహరుణ బకాయిలు: తొలి తొంభై రోజులే కీలకం

గృహరుణ వాయిదా చెల్లించలేని కుటుంబం పట్ల రుణదాత సంస్థలు ఏ విధంగా వ్యవహరించాలన్న ప్రశ్నకు దేశంలోని చట్టాలు, రిజర్వు బ్యాంకు ఆదేశాలు చాలావరకు సమాధానం చెబుతున్నాయి. అయితే ఆ సమాధానంలో అత్యధిక భాగం రుణం మొండి బకాయిగా మారిన తరువాతి దశకు సంబంధించినదే. వాయిదా తప్పిన తొలి రోజు నుంచి తొంభయ్యవ రోజు వరకు, అంటే ఇంటిని నిలబెట్టుకునేందుకు నిజంగా వీలున్న కాలంలో, రుణగ్రహీతను పిలిచి మాట్లాడవలసిన విధిని 2002 నాటి సర్ఫేసీ చట్టం రుణదాతపై ఉంచలేదు. గడువు తీరిన పిమ్మట మాత్రం నోటీసులు, స్వాధీనం, వేలం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి.

ఈ లోటు ఎటువంటిదో రావిర్యాల వంటి ప్రాంతంలో తేటతెల్లమవుతుంది. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలానికి చెందిన ఈ గ్రామం రెండు దశాబ్దాల కాలంలో పొలాల నుంచి ప్లాట్లకు, ప్లాట్ల నుంచి ఇళ్లకు మారింది. 2006లో ఇక్కడ సెమీకండక్టర్ పరిశ్రమల కోసం ఫ్యాబ్ సిటీని తలపెట్టారు. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. ఔటర్ రింగ్ రోడ్డు గ్రామం పక్కనుంచే సాగింది. ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల సంస్థలు, 2016లో వండర్‌లా ఉద్యానం, 2023లో కొంగర కలాన్‌లో ఫాక్స్‌కాన్ పరిశ్రమకు శంకుస్థాపన వరుసగా జరిగాయి. రావిర్యాల వద్ద ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఆమనగల్లు వరకు కొత్త రహదారిని సైతం ప్రభుత్వం చేపట్టింది.

ప్రతి ప్రకటనతోపాటు భూమి ధర పెరిగింది, ధరతోపాటు రుణ పరిమాణం పెరిగింది. ఫ్యాబ్ సిటీకి ఆశించిన చిప్ కర్మాగారం రాలేదన్నది, 2008-09 ఆర్థిక మాంద్యంలో ఈ పరిసరాల స్థిరాస్తి వ్యాపారం చతికిలపడిందన్నది విదితమే. రుణం మంజూరు చేసే నాడు ఆస్తి విలువను రాబోయే రహదారి, రాబోయే పరిశ్రమ లెక్కన కట్టిన సంస్థ, విలువ పడిపోయిన నాడు ఆ నష్టం రుణగ్రహీత ఒక్కడిదేనని చెప్పడం న్యాయం కాజాలదు. అంచనా ఇద్దరిదీ. పైగా విలువ నిర్ధారకుని నియమించినది రుణదాతే.

ఇక్కడి కుటుంబాల ఆదాయ స్వభావాన్ని కూడా గమనించవలసి ఉంటుంది. విమానాశ్రయంపై ఆధారపడిన వారిలో నెల జీతం నిలకడగా అందేవారు కొందరే. ట్యాక్సీ నడిపేవారు, సరుకు రవాణా చేసేవారు, కాంట్రాక్టు ఏజెన్సీల కింద పనిచేసేవారు, హోటళ్లు, దుకాణాలు నడుపుకునేవారు అధికం. వీరి సంపాదన విమానాల రాకపోకలను బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతుంది. వాయిదా మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తంగా ఖాతాలోంచి వెళ్లిపోతుంది.

కోవిడ్ కాలపు అనుభవం

2020 మార్చి 25న దేశీయ విమాన సర్వీసులు నిలిచిపోయాయి. మే 25న అవి పరిమితంగా మొదలైనప్పటికీ, అంతర్జాతీయ షెడ్యూలు సర్వీసులు 2022 మార్చి 27 వరకు పూర్వ స్థితికి చేరలేదు. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న మూడు నెలల మారటోరియం ప్రకటించి, దానిని ఆగస్టు 31 వరకు పొడిగించింది. ఆ ఆరు నెలలు వాయిదా కట్టకపోయినా ఖాతా మొండి బకాయి కాలేదు. అది పెద్ద ఊరటే. కాగా ఆ ఊరటకు రుణగ్రహీత చెల్లించిన మూల్యం ఎంతో లెక్క వేసి చెప్పినవారు తక్కువ.

ఉదాహరణకు 8 శాతం వడ్డీపై 20 ఏళ్లకు తీసుకున్న రూ. 25 లక్షల రుణానికి నెలసరి వాయిదా సుమారు రూ. 20,911. రుణం తీసుకున్న కొత్తలోనే ఆరు నెలలు చెల్లింపు ఆపితే పేరుకునే వడ్డీ రూ. 1.02 లక్షల వరకు ఉంటుంది. వాయిదా మొత్తాన్ని మార్చకుండా కొనసాగిస్తే, 240 వాయిదాలలో తీరవలసిన అప్పు 266 వాయిదాలకు గాని తీరదు. ఆరు వాయిదాల విరామానికి 26 అదనపు వాయిదాలు అన్నమాట. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం రూ. 2 కోట్ల లోపు రుణాలపై వడ్డీ మీద పడిన వడ్డీని తానే భరిస్తానని ప్రకటించింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు ఆ ఉపశమనాన్ని అన్ని రుణాలకు వర్తింపజేసింది. పైన చెప్పిన ఉదాహరణలో ఆ వెసులుబాటు విలువ సుమారు రూ. 1,700 మాత్రమే. అసలు వడ్డీ భారం యథాతథంగా మిగిలింది.

వాయిదా వేయడం వేరు, ఉపశమనం వేరు. రుణగ్రహీత కష్టకాలంలో ఒక కాగితంపై సంతకం చేసే ముందు ఈ లెక్కను అతనికి తెలుగులో, అంకెలతో సహా చూపించవలసిన బాధ్యత రుణదాతదే. వడ్డీ వరకైనా చెల్లించగలిగిన కుటుంబానికి పూర్తి విరామం కంటే వడ్డీ మాత్రమే కట్టే ఏర్పాటు ఎంతో మేలని ఈ లెక్క చెప్పకనే చెబుతున్నది.

ఆ తరువాత వడ్డీ రేట్ల పెరుగుదల వచ్చింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి చేరింది. 2019 అక్టోబరు 1 తరువాత బ్యాంకులు ఇచ్చిన చర వడ్డీ గృహరుణాలు బాహ్య ప్రామాణిక రేటుకు ముడిపడి ఉన్నందున, పెంపు అంతా రుణగ్రహీతపై దాదాపు వెంటనే పడింది. 7 శాతంపై రూ. 25 లక్షలకు 20 ఏళ్ల వాయిదా రూ. 19,382. వడ్డీ 9.5 శాతానికి చేరితే అంత అసలుపై ఒక నెల వడ్డీయే రూ. 19,792. అంటే అసలు ఇంకా తగ్గని కొత్త రుణంలో వాయిదా మొత్తం వడ్డీకి కూడా సరిపోదు. ఒక్క నెల కూడా తప్పకుండా కట్టిన వ్యక్తి అప్పు తగ్గకపోగా పెరిగే పరిస్థితి. చాలా సంస్థలు రుణగ్రహీతను అడగకుండానే కాలపరిమితిని పొడిగించుకుంటూ పోయాయి. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు జోక్యం చేసుకొని, వాయిదా పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కలిపి చేయాలా, స్థిర వడ్డీకి మారాలా అన్న ఎంపికను రుణగ్రహీతకే ఇవ్వాలని ఆదేశించింది. వడ్డీని సైతం తీర్చని వాయిదాను అనుమతించరాదని స్పష్టం చేసింది. అదే రోజున వెలువడిన మరో ఉత్తర్వు జరిమానా వడ్డీని రద్దు చేసి, సహేతుకమైన జరిమానా రుసుముకు మాత్రమే అవకాశమిచ్చింది. ఆ రుసుముపై తిరిగి వడ్డీ వేయరాదు. 2025లో రెపో రేటు దిగివచ్చి డిసెంబరు నాటికి 5.25 శాతానికి చేరినందున, తగ్గింపు ఫలితం వాయిదాలో ప్రతిబింబించిందా లేదా అన్నది ప్రతి రుణగ్రహీత పరిశీలించుకోదగిన విషయం.

నోటీసు తరువాత ఉన్న రక్షణలు

చట్టం రుణగ్రహీతకు ఏ రక్షణా ఇవ్వలేదనడం సరికాదు. సర్ఫేసీ చట్టం 13(2) సెక్షను కింద 60 రోజుల నోటీసు తప్పనిసరి. రుణగ్రహీత అభ్యంతరం తెలిపితే 15 రోజులలో కారణాలతో కూడిన జవాబు ఇవ్వాలి. ఇది లాంఛనం కాదని, తప్పనిసరి విధి అని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. స్వాధీన ప్రకటనను రెండు దినపత్రికలలో ప్రచురించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. వేలానికి ముందు 30 రోజుల నోటీసు ఉండాలి. అప్పు, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము ఇంటి యజమానికి చెందుతుంది. తీర్చవలసినది అసలు, వడ్డీ మొత్తంలో 20 శాతం కంటే తక్కువగా ఉన్నప్పుడు ఈ చట్టాన్ని ప్రయోగించరాదన్న 31వ సెక్షనులోని నిబంధన తగినంత ప్రచారానికి నోచుకోలేదు. పదిహేనేళ్లు సక్రమంగా చెల్లించి చివరలో చిక్కుల్లో పడిన కుటుంబానికి ఇది కవచం వంటిది.

అయితే ఈ రక్షణలను వినియోగించుకునే మార్గం సుగమంగా లేదు. స్వాధీన చర్యపై 45 రోజులలో హైదరాబాదులోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. అక్కడ ఓడిపోతే అప్పీలు ట్రిబ్యునల్ ఉన్నది కోల్‌కతాలో. అప్పీలుకు బకాయిలో సగం ముందుగా డిపాజిట్ చేయాలి. ట్రిబ్యునల్ దయతలిస్తే నాలుగో వంతు వరకు తగ్గించవచ్చు. వాయిదా కట్టలేని మనిషి బకాయిలో నాలుగో వంతు ఎక్కడినుంచి తేగలడన్నది చట్టం వేసుకోని ప్రశ్న. 2016 నాటి సవరణ అనంతరం, బకాయి చెల్లించి ఇంటిని విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడిన రోజుతో ముగుస్తుంది. పూర్వం అమ్మకం పూర్తయ్యే వరకు ఆ హక్కు ఉండేది. 2023లో సుప్రీంకోర్టు ఈ మార్పును ధ్రువీకరించింది. వేలం ప్రకటన పత్రికలో చూశాక బంధువుల దగ్గర అప్పు చేసి బ్యాంకుకు పరుగెత్తిన కుటుంబానికి అప్పటికే హక్కు గడచిపోయి ఉంటుంది.

వసూలు ఏజెంట్ల విషయంలో నిబంధనలు సుస్పష్టం. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదని, బంధుమిత్రులను వేధించరాదని, బహిరంగంగా అవమానించరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో పునరుద్ఘాటించింది. ఏజెంటు చేసిన తప్పుకు సంస్థదే బాధ్యత. ఫిర్యాదుపై 30 రోజులలో సమాధానం రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

బ్యాంకరు ఎందుకు వెనుకాడతాడు

రుణగ్రహీత శాఖకు వెళ్లి వాయిదా తగ్గించమని ముందుగానే అడిగినప్పటికీ మేనేజరు తరచూ తటపటాయిస్తాడు. ఇందుకు కారణం ఆయన కాఠిన్యం కాదు, లెక్కల విధానం. సాధారణ సమయాల్లో, ఆర్థిక ఇబ్బందుల కారణంగా షరతులు మార్చిన రుణాన్ని వెంటనే మొండి పద్దుల్లో చేర్చి, దానికి అధికంగా కేటాయింపులు చేయవలసి ఉంటుంది. అందువలన సాయం చేసిన నాడే శాఖ పద్దు చెడినట్లు కనిపిస్తుంది. సాయం చేయకుండా వేచి చూస్తే కనీసం తొంభై రోజులు పద్దు మంచిగానే ఉంటుంది. ఒకసారి మొండి బకాయిగా మారిన ఖాతా, బకాయి మొత్తం తీరితే తప్ప తిరిగి మంచి ఖాతా కాదని 2021 నవంబరు 12 నాటి ఉత్తర్వు స్పష్టం చేసింది. పద్దుల నిజాయితీకి ఈ నియమాలు అవసరమే. ఆ నియమాల నీడలోనే సకాలంలో జరగవలసిన సాయం ఆగిపోతున్నదన్నదీ నిజమే.

కోవిడ్ సమయంలో రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టు 6న, మళ్లీ 2021 మే 5న ప్రకటించిన పరిష్కార విధానాలు ఈ ముడిని విప్పి చూపాయి. వ్యక్తిగత, గృహ రుణాల గడువును రెండేళ్ల వరకు పెంచినా ఖాతా మంచిదిగానే కొనసాగింది. ఆ వెసులుబాటు 2021 సెప్టెంబరుతో ముగిసింది. ప్రకృతి వైపరీత్యం సంభవించిన ప్రాంతాలకు ఇటువంటి సడలింపు అందుబాటులో ఉంది. ఊరంతటికీ వరద వస్తే నిబంధన కరుణిస్తుంది. ఒక్క ఇంటి పెద్దకు పక్షవాతం వస్తే కరుణించదు.

సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు ఈ సమస్య కొంతమేర పరిష్కారమైంది. రూ. 25 కోట్ల వరకు రుణాలున్న పరిశ్రమల విషయంలో ఖాతా మొండి బకాయి కాకముందే ఇబ్బంది లక్షణాలను గుర్తించి, కమిటీ ముందుంచి, సరిదిద్దడమా, పునర్వ్యవస్థీకరించడమా, వసూలుకు వెళ్లడమా అన్నది తేల్చాలని 2016 మార్చిలో రిజర్వు బ్యాంకు విధివిధానాలు నిర్దేశించింది. ఈ విధానం బ్యాంకులు పాటించి తీరవలసినదేనని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తన స్థితిని సకాలంలో తెలియజేయవలసిన బాధ్యత పరిశ్రమ యజమానిపైనా ఉందని అదే తీర్పు పేర్కొంది. రూ. 20 కోట్ల అప్పున్న కార్ఖానాకు లభించే ఈ సంప్రదింపు, రూ. 20 లక్షల అప్పున్న ఇంటికి లభించకపోవడానికి సమర్థనీయమైన కారణం కనబడదు.

తెలుగునాట రెండు పాఠాలు

రుణదాతలు సంయమనం కోల్పోతే ఏమవుతుందో ఈ గడ్డకు తెలియనిది కాదు. సూక్ష్మరుణ సంస్థల వసూలు పద్ధతులపై ఆందోళన తీవ్రమై, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థల రిజిస్ట్రేషను తప్పనిసరి చేసి, ఇళ్లకు వెళ్లి వసూలు చేయడాన్ని నిషేధించింది. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు స్తంభించాయి, సంస్థలు భారీగా నష్టపోయాయి, పేద మహిళలకు కొత్త అప్పు పుట్టడమూ కష్టమైంది. 2011 జనవరిలో మాలెగాం కమిటీ నివేదిక, తదుపరి రిజర్వు బ్యాంకు నియంత్రణ వచ్చాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పేనాటికి పన్నెండేళ్లు గడిచాయి. తాకట్టు లేని చిన్న అప్పుకూ గృహరుణానికీ పోలిక పరిమితమే అయినా, ఒక తేడా గమనార్హం. సూక్ష్మరుణాల విషయంలో అన్ని అప్పుల వాయిదాలు కలిపి కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించరాదని 2022 నుంచి నిబంధన ఉంది. గృహరుణంలో ఆ హద్దు సంస్థ సొంత విధానానికే వదిలివేయబడింది.

రెండవది ప్రభుత్వమే రుణదాత అయిన సందర్భం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా 1983 నుంచి 2011 వరకు రుణం పొందిన పేదల కోసం 2021 డిసెంబరు 21న తణుకులో ఏకకాల పరిష్కార పథకాన్ని ప్రారంభించారు. గ్రామాల్లో రూ. 10 వేలు, పురపాలక సంఘాల్లో రూ. 15 వేలు, నగరపాలక సంస్థల్లో రూ. 20 వేలు చెల్లిస్తే మిగతా బకాయిని రద్దు చేసి ఇంటిని ఉచితంగా రిజిస్టరు చేయడం దాని సారాంశం. ఎప్పటిదో అప్పుకు ఇప్పుడు వసూలేమిటని ప్రతిపక్షాలు విమర్శించాయి. ఆ వాదోపవాదాలు ఎలా ఉన్నా, వసూలు కాని, రద్దు కాని అప్పు దశాబ్దాలపాటు పత్రాలను బంధించి ఉంచిందని, ఆ ఇల్లు అమ్మడానికి గాని తనఖాకు గాని పనికిరాలేదని పథకం బయటపెట్టింది. నిర్ణయం తీసుకోకపోవడం కూడా రుణగ్రహీతకు నష్టమే.

ఇల్లు చేతికి రాకుండానే వాయిదాలు మొదలైన వారి బాధ మరొక రకం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడగానే మేటాస్ ప్రాపర్టీస్ సంస్థ బాచుపల్లిలో చేపట్టిన హిల్ కౌంటీ నిర్మాణం చిక్కుల్లో పడి, కొనుగోలుదారులు బ్యాంకు వాయిదా ఒకవైపు, ఇంటి అద్దె మరొకవైపు మోయవలసివచ్చింది. 2011 జనవరిలో కంపెనీ లా బోర్డు ఆ సంస్థను ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపునకు అప్పగించింది. (ఆ గ్రూపే 2018లో కుప్పకూలడం వేరే కథ.) నిర్మాణ దశలను బట్టి మాత్రమే రుణం విడుదల చేయాలని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 18వ సెక్షను, జాప్యం జరిగితే వడ్డీతో సహా సొమ్ము తిరిగి పొందే హక్కును కొనుగోలుదారునికి ఇచ్చింది. దశలను చూడకుండా సొమ్ము విడుదల చేసిన రుణదాత, అసంపూర్తి భవనం కొన్నవాడిని ఎగవేతదారుగా జమకట్టే ముందు తన పద్దును తాను పరిశీలించుకోవడం ధర్మం. గ్రామపంచాయతీ లేఅవుట్లు, క్రమబద్ధీకరణకు ఎదురుచూస్తున్న ప్లాట్లు అధికంగా ఉన్న విమానాశ్రయ పరిసరాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది.

ఏమి చేయవచ్చు

ఇతర దేశాలు తొలి దశకే ప్రాధాన్యమిచ్చాయి. 2008 సంక్షోభం అనంతరం రూపొందిన అమెరికా నిబంధనల ప్రకారం, 2014 జనవరి నుంచి 120 రోజుల బకాయి దాటనిదే ఇంటి జప్తు ప్రక్రియ మొదలుపెట్టరాదు. సకాలంలో అందిన పూర్తి సహాయ దరఖాస్తు పరిశీలనలో ఉండగా జప్తు వైపు అడుగువేయరాదు. బ్రిటన్‌లో 2023 జూన్‌లో కుదిరిన ఒప్పందం కింద, సంతకం చేసిన సంస్థలు తొలి వాయిదా తప్పిన నాటినుంచి 12 నెలల వరకు ఇంటిని బలవంతంగా స్వాధీనం చేసుకోవు. ఆరు నెలలు వడ్డీ మాత్రమే చెల్లించే వీలు కల్పిస్తాయి. భారతీయ బ్యాంకుల సొమ్ము సామాన్య డిపాజిటుదారులదని, వాయిదా కట్టగలిగీ ఎగవేసేవారు ఉన్నారని మరువరాదు. ఆదాయ ఆధారాలు చూపని వారికి, ఇంటిని అద్దెకిచ్చి ఆ అద్దెను సైతం దాచుకునేవారికి ఏ సడలింపూ అవసరం లేదు. ఎవరు ఏ కోవకు చెందుతారో తెలుసుకునేందుకు మాత్రం ముందు మాట్లాడాలి. నోటీసు ఆ పని చేయజాలదు.

కావలసిన మార్పు పెద్దదేమీ కాదు. వాయిదా తప్పిన 30 రోజులలో తెలుగులో ఒక లేఖ, 60 రోజులలోపు ఆదాయ వివరాలతో ముఖాముఖి, గడువు పొడిగింపు, తాత్కాలిక వడ్డీ చెల్లింపు, యజమానే స్వయంగా మంచి ధరకు అమ్ముకునేందుకు ఆరు నెలల వ్యవధి అన్న మూడింటిలో ఒకదానిపై లిఖితపూర్వక నిర్ణయం. చివరిది చాలామందికి తోచనిది. వేలంలో కంటే యజమాని అమ్మకంలో ధర మెరుగ్గా పలికే అవకాశం ఎక్కువ. రుణదాతకూ నష్టం తగ్గుతుంది. వ్యాధి, మరణం, ఉద్యోగ నష్టం రుజువైన తొలి పునర్వ్యవస్థీకరణకు మొండి పద్దు నిబంధన నుంచి ఒకసారి మినహాయింపు ఇవ్వగలది రిజర్వు బ్యాంకు మాత్రమే.

రాష్ట్ర యంత్రాంగానికి సంబంధించిన అంశం ఒకటుంది. ఇంటిని భౌతికంగా స్వాధీనం చేసుకునేందుకు రుణదాతలు 14వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటును గాని చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటును గాని ఆశ్రయిస్తారు. రంగారెడ్డి జిల్లాకు సంబంధించి కలెక్టరుకు చేరే దరఖాస్తులు రావిర్యాలకు పొరుగునే, 2022 ఆగస్టులో ప్రారంభమైన కొంగర కలాన్ సమీకృత కలెక్టరేటుకు వస్తాయి. దరఖాస్తుతోపాటు అధీకృత అధికారి తొమ్మిది అంశాలపై ప్రమాణపత్రం దాఖలు చేయాలి. రుణ మొత్తం, తాకట్టు వివరాలు, నోటీసు జారీ, అభ్యంతరాలకు ఇచ్చిన జవాబు వాటిలో ఉన్నాయి. రుణగ్రహీతకు పునర్వ్యవస్థీకరణ అవకాశం ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన, నిరాకరిస్తే ఏ కారణంతో అన్న అంశం లేదు. వివాదాన్ని విచారించే అధికారం ఈ దశలో కలెక్టరుకు లేనందున, ఆ పదవ అంశాన్ని చేర్చాలంటే పార్లమెంటు సవరణ అవసరం. అంతవరకు జిల్లా స్థాయి బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ సమావేశాల్లో, తొంభై రోజులలోపు ఎన్ని గృహరుణ ఖాతాలలో ముఖాముఖి జరిగింది, ఎన్నింటికి షరతులు మార్చారు అన్న వివరాలను లీడ్ బ్యాంకు ద్వారా సంస్థలవారీగా కోరేందుకు కలెక్టర్లకు ఏ చట్ట సవరణా అవసరం లేదు.